చెక్క మీద వెలుగు రాత

ఉలితో చెక్క మీద పువ్వు చెక్కడం మనకు తెలుసు. కత్తితో వెదురు మీద గీత పెట్టడం తెలుసు. కాల్చిన ఇనుప చువ్వతో కర్ర మీద గుర్తు వేయడం కూడా తెలుసు. మరి వెలుగుతో చెక్క మీద రాయవచ్చా?

రాయవచ్చు. ఆ వెలుగు పేరు లేజర్. పట్టణాల్లో పేరు పలకలు, బహుమతి వస్తువులు చేసే దుకాణాల్లో ఇప్పుడు లేజర్ యంత్రాలు కనిపిస్తున్నాయి. ఆ యంత్రం ఎట్లా పనిచేస్తుంది? దానితో పని చేసేవాళ్ళు ఏం తెలుసుకోవాలి? ఎక్కడ నష్టపోతారు? ఎక్కడ జాగ్రత్తపడాలి? తెలుసుకుందాం.

అడవి అంచున ఒక ఊరు

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారి. పాల్వంచ దాటితే అడవి దగ్గరవుతుంది. టేకు, నల్లమద్ది, తునికి, వెదురు కనిపిస్తాయి. ఆ అడవి అంచున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక వడ్రంగి కుటుంబం ఉందనుకుందాం.

మామ ముప్పై ఏళ్ళుగా చిత్రిక పడుతున్నాడు. అత్త ఈ మధ్యనే రాత్రి బడిలో చదువు నేర్చింది. వాళ్ళ మేనకోడలు ఐ.టి.ఐ. చదివింది. పట్నంలో పేరు పలకలు చేసే దుకాణంలో పనికి కుదిరింది. ఆ దుకాణంలో లేజర్ యంత్రం ఉంది.

ఒక రోజు మామకు పని వచ్చింది. కొత్త ఇళ్ళకు 12 పేరు పలకలు కావాలి. టేకు చెక్క మీద తెలుగు అక్షరాలు ఉండాలి. వారం రోజుల్లో ఇవ్వాలి. ఉలితో అయితే ఒక్కో పలకకు ఒక రోజు పడుతుంది. 12 పలకలకు 12 రోజులు కావాలి. ఏం చేయాలి?

"మా దుకాణం వాళ్ళు యంత్రాన్ని గంట లెక్కన అద్దెకు ఇస్తరు మామయ్యా. దాని మీద చేద్దాం" అంది మేనకోడలు.

మామ సరేనన్నాడు. కానీ ఆయనకు ఒక అనుమానం.

"వెలుగు చెక్కను ఎట్లా చెక్కుతది బిడ్డా?"

లేజర్ అంటే ఏమిటి?

చిన్నప్పుడు ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చారా? ఎండ అంతటా ఉంటుంది. కానీ కాగితం దానంతట అది కాలదు. భూతద్దం ఎండను ఒక చుక్క దగ్గరికి చేరుస్తుంది. ఆ చుక్క దగ్గర కాగితం కాలుతుంది. లేజర్ యంత్రం చేసే పని కూడా ఇట్లాంటిదే. కానీ అందులోని వెలుగు వేరు.

పెద్ద దుంగను లాగేటప్పుడు ఏం చేస్తారు? పది మంది పది వైపులకు లాగితే దుంగ కదలదు. "ఐలేసా" అని అందరూ ఒక్కసారే, ఒక్క వైపే లాగితే కదులుతుంది. దీపం వెలుగు అన్ని వైపులకూ పోతుంది. అందులో ఎన్నో రంగులు కలిసి ఉంటాయి. లేజర్ వెలుగు అట్లా కాదు. అది ఐలేసా వెలుగు. ఒకటే రంగు, ఒకటే దిక్కు, అందరూ కలిసి వేసే అడుగు లాంటి నడక. అందుకే దాన్ని చాలా చిన్న చుక్క మీదికి చేర్చవచ్చు.

ఇట్లాంటి వెలుగుకు దారి చూపిన ఆలోచనను 1917లో ఐన్‌స్టీన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. 1960లో అమెరికాలో మైమన్ అనే ఆయన మొదటి లేజర్‌ను చేసి చూపించాడు. ఆయన కెంపు రాయి కడ్డీని వాడాడు.

చెక్కను కోసే లేజర్ కథలో మన దేశం మనిషి ఉన్నాడు. ఆయన పేరు కుమార్ పటేల్. 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టాడు. పుణేలో ఇంజనీరింగ్ చదివాడు. పై చదువుకు అమెరికా వెళ్ళాడు. అక్కడ బెల్ లేబొరేటరీలో పనిచేస్తూ 1964లో కొత్త రకం లేజర్ కనిపెట్టాడు. దానిలో వాడేది కార్బన్ డై ఆక్సైడ్ వాయువు. మనం వదిలే ఊపిరిలో ఉండేది ఆ వాయువే. సోడా బుడగల్లో ఉండేదీ అదే. చెక్క పనికి వాడే చాలా యంత్రాల్లో ఈనాటికీ ఆయన కనిపెట్టిన రకం లేజరే ఉంది. 1996లో అమెరికా ప్రభుత్వం ఆయనకు జాతీయ విజ్ఞాన పతకం ఇచ్చింది.

యంత్రం లోపల ఏముంది?

యంత్రం వెనక భాగంలో పొడవైన గాజు గొట్టం ఉంటుంది. అందులో కార్బన్ డై ఆక్సైడ్, నైట్రోజన్, హీలియం వాయువులు ఉంటాయి. వాటిలోకి వేల వోల్టుల కరెంటు పంపుతారు. అప్పుడు గొట్టం నుంచి లేజర్ వెలుగు వస్తుంది. ఈ వెలుగు మన కంటికి కనపడదు. ఈ మాట బాగా గుర్తు పెట్టుకోవాలి.

ఆ వెలుగు మూడు చిన్న అద్దాల మీద పడి మలుపులు తిరుగుతుంది. చివరికి ఒక కటకం గుండా కిందికి దిగుతుంది. కటకం అంటే భూతద్దం లాంటిదే. కానీ మామూలు గాజు కాదు. మామూలు గాజు ఈ వెలుగును పోనివ్వదు. అందుకే దీన్ని వేరే పదార్థంతో చేస్తారు.

కటకం కింద చెక్కను పెడతారు. చెక్క మీద వెలుగు చుక్క ఎంత ఉంటుంది? ఆవగింజలో పదో వంతు ఉంటుంది. 60 వాట్ల శక్తి అంత చిన్న చుక్క మీద పడితే ఏమవుతుంది? సుమారు 250, 300 డిగ్రీల వేడి దగ్గరే చెక్క నల్లబడి పొగ వదులుతుంది. లేజర్ చుక్క దగ్గర వేడి అంతకంటే చాలా ఎక్కువ. అక్కడి చెక్క కొంత పొగై పోతుంది, కొంత బొగ్గవుతుంది. అదే చెక్కడం. చెక్కను ఏదీ తాకదు. ఉలి లేదు, సుత్తి లేదు.

యంత్రం రెండు పనులు చేస్తుంది. ఒకటి చెక్కడం. మనం పొలంలో నాగలి సాలు పక్కన సాలు వేసినట్టు, వెలుగు చుక్క గీత పక్కన గీత వేస్తుంది. అక్షరం ఉన్న చోట వెలుగుతుంది, లేని చోట ఆరిపోతుంది. రెండోది కోయడం. అప్పుడు చుక్క బొమ్మ అంచు వెంట నెమ్మదిగా పోతుంది. చెక్క ఆ అంచు వెంట తెగిపోతుంది.

యంత్రానికి మనం ముఖ్యంగా మూడు అంకెలు చెప్పాలి. వెలుగు శక్తి ఎంత? నడిచే వేగం ఎంత? గీతకూ గీతకూ దూరం ఎంత? ఈ మూడు అంకెల్లోనే మంచీ చెడూ ఉన్నాయి.

రెండు పలకలు పాడైనాయి

మామ మంచి టేకు పలకలు చిత్రిక పట్టి తెచ్చాడు. మొదటి ఇంటి పేరు శ్రీరామ నిలయం. మేనకోడలు పలకను పెట్టింది, మూత మూసింది, మీట నొక్కింది. పని అయ్యాక మూత తీసి చూశారు. అక్షరాలు లోతుగా కాలిపోయాయి. చుట్టూ మసి పట్టింది.

"ఏంది బిడ్డా, పలకంతా బొగ్గయింది!" అన్నాడు మామ.

"నిన్న వేరే పనికి పెట్టిన అంకెలు అట్లనే ఉన్నయి మామయ్యా. నేను చూసుకోలే."

నిన్నటి అంకెలు ఏమిటి? శక్తి 60 శాతం. వేగం సెకనుకు 100 మిల్లీమీటర్లు. మేనకోడలు గాబరాపడి శక్తిని 10 శాతానికి తగ్గించింది. వేగాన్ని 300కు పెంచింది. రెండో పలక పెట్టింది. ఈసారి అక్షరాలు సరిగా కనపడనే లేదు. కళ్ళు చికిలించి చూడాల్సి వచ్చింది.

రెండు పలకలు పోయాయి. మామ ముఖం చిన్నబోయింది. అది డబ్బు పెట్టి కొన్న టేకు.

అప్పుడు అత్త ఒక మాట అడిగింది. "అమ్మాయ్, కూర వండేటప్పుడు ఉప్పు సరిపోయిందా లేదా అని చుక్క నాలుక మీద వేసుకుని చూస్తం గదా. కుండంత కూర పారబోసి చూడం గదా. ఈ యంత్రానికి అట్లా రుచి చూసే పద్ధతి లేదా?"

ఉంది. దాని పేరు గళ్ళ పరీక్ష.

గళ్ళ పరీక్ష

పలక చేసిన టేకులోనే మిగిలిన తుక్కు ముక్క తీసుకున్నారు. దాని మీద 20 చిన్న గళ్ళు వేశారు. అడ్డంగా అయిదు, నిలువుగా నాలుగు. అడ్డం గళ్ళకు వేగం మార్చారు. 100, 150, 200, 250, 300. నిలువు గళ్ళకు శక్తి మార్చారు. 10, 20, 30, 40 శాతం. గీతల మధ్య దూరం అన్నిటికీ ఒకటే. మిల్లీమీటరులో పదో వంతు.

కాసేపట్లో 20 గళ్ళూ తయారయ్యాయి. ఒక మూల గడి నల్లగా, లోతుగా ఉంది. ఎదురు మూల గడి లేత గోధుమ రంగులో ఉంది. మధ్యలో అన్ని ఛాయలూ ఉన్నాయి. మామ వేలితో తడిమి చూశాడు. శక్తి 30, వేగం 200 ఉన్న గడి నచ్చింది. రంగు బాగుంది. అంచు శుభ్రంగా ఉంది. మసి తక్కువ.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. నచ్చిన గడికి శక్తి 30, వేగం 200. మొదటి పలకకు శక్తి 60, వేగం 100. అంటే శక్తి రెండింతలు, వేగం సగం. శక్తి రెండింతలైతే వేడి రెండింతలు. వేగం సగమైతే చుక్క ఒక్కో చోట రెండింతల సేపు ఉంటుంది. రెండు రెళ్ళు నాలుగు. చెక్క మీద నాలుగింతల వేడి పడింది. పలక ఎందుకు బొగ్గయిందో తెలిసింది గదా!

అత్త తన నోటుపుస్తకం తీసింది. నెమ్మదిగా రాసుకుంది. చెక్క పేరు టేకు. మందం 18 మిల్లీమీటర్లు. శక్తి 30. వేగం 200. గీతల దూరం పదో వంతు. తేదీ. చివర "బాగుంది" అని రాసింది. పాడైన రెండు పలకల అంకెలూ రాసింది. వాటి పక్కన "కాలింది", "కనపడలేదు" అని రాసింది. పాడైన పని రాసుకోవడం కూడా చదువే.

ఇంకో మాట. ఆ యంత్రం మీద, ఆ చెక్క మీద ఆ అంకెలు పనిచేశాయి. యంత్రం మారితే అంకె మారుతుంది. చెక్క మారితే మారుతుంది. అదే యంత్రంలో గొట్టం పాతబడినా మారుతుంది. ఎదుటివాళ్ళ అంకె మనకు దారి చూపుతుంది. మన అంకె మనమే తేల్చుకోవాలి.

చెక్కను బట్టి రాత

వడ్రంగికి చెక్క గుణం తెలుసు. లేజర్ పనికి ఆ తెలివి చాలా కావాలి.

చెక్క పచ్చిగా ఉంటే పని సరిగా రాదు. వేడి ముందు తడిని ఆర్పడానికే పోతుంది. ఒక చోట ముదురు, ఒక చోట లేత వస్తుంది. బాగా ఆరిన చెక్కనే వాడాలి. జామాయిల్ చెక్క ఆరేటప్పుడు పగులుతుంది, వంకర పోతుంది. పలక వంకరైతే కటకానికీ చెక్కకూ దూరం మారుతుంది. చుక్క చెదిరి అక్షరం మందంగా, మసకగా వస్తుంది.

టేకులో నూనె గుణం ఉంది. రంగు కూడా ముదురు. అందుకని దాని మీద కాలిన అక్షరం మరీ కొట్టొచ్చినట్టు కనపడదు. లేత రంగు చెక్క మీద అక్షరం బాగా కనపడుతుంది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో మెత్తని చార, గట్టి చార పక్కపక్కనే ఉంటాయి. మెత్తని చార లోతుగా కాలుతుంది, గట్టి చార నిలబడుతుంది. చేత్తో తడిమితే గట్లు తగులుతాయి. ముడి ఉన్న చోట రంగు మారిపోతుంది. సన్న అక్షరం ముడి మీద పడకుండా చూసుకోవాలి.

ప్లైవుడ్‌లో పొరల మధ్య జిగురు ఉంటుంది. నీళ్ళకు తట్టుకునే ప్లైవుడ్ జిగురు చాలా గట్టిది. కోసేటప్పుడు వెలుగు అక్కడ ఆగి బొగ్గు చేస్తుంది.

వెదురు సంగతి వేరు. వెదురు గుండ్రంగా ఉంటుంది. చీల్చి, చదును చేసి పెట్టాలి. లేదా బొంగును తిప్పే సాధనం యంత్రానికి బిగించాలి. వెదురు పైతోలు నున్నగా, గట్టిగా ఉంటుంది. తోలు గీకిన చోట ఒక రంగు, గీకని చోట ఒక రంగు వస్తుంది. ముందు తుక్కు ముక్క మీద గళ్ళు వేసి చూడాలి.

చెక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా ముఖ్యం. అడవిలో చెట్టు కొట్టి తేవడం నేరం. కలప కొన్న చోట బిల్లు తీసుకుని దాచుకోవాలి. వెదురుకు చట్టంలో వేరే మాట ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయంగా లెక్కించింది. అడవిలో తరతరాలుగా ఉంటున్న గిరిజనులకు, ఇతర అడవి వాసులకు దానిని సేకరించే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2017లో అటవీ చట్టాన్ని మార్చారు. అడవి బయట పెరిగిన వెదురును చెట్ల లెక్క నుంచి తీసేశారు.

కాలిన అక్షరం చెరగదు

అంకెలు కుదిరాయి. మూడో పలక పెట్టబోతున్నారు. కంప్యూటర్ తెర మీద పేరు ఉంది. మేనకోడలు గబగబా చూసి "సరిగ్గానే ఉంది" అంది. మామ కూడా తల ఊపాడు.

అత్త మాత్రం వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. "శ్రీ... రా... మ... ని... య... లం. అమ్మాయ్, ఇది నిలయం కాదు. నియలం!"

నిజమే. రెండు అక్షరాలు తారుమారైనాయి. మొదటి రెండు పలకలూ తప్పు పేరుతోనే కాలాయి. అవి బాగా వచ్చినా పనికొచ్చేవి కావు. గబగబా చదివేవాళ్ళ కన్ను తప్పును దాటి పోతుంది. కూడబలుక్కుని చదివేవాళ్ళకు తప్పు దొరుకుతుంది. పలక మీద బలపంతో రాసిన తప్పును తుడిచి మళ్ళీ రాస్తాం. కాలిన అక్షరం చెరగదు.

తెలుగు అక్షరాలకు ఇంకా కొన్ని జాగ్రత్తలు కావాలి.

ఒకటి. ఒక కంప్యూటర్‌లో రాసిన పేరును ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే వత్తులు విడిపోవచ్చు. శ్రీ అక్షరం ముక్కలు కావచ్చు. అందుకే రాసిన చోటే అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చి తీసుకుపోవాలి.

రెండు. మరీ చిన్న అక్షరాలు వద్దు. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ. చిన్నగా రాస్తే గుండ్రం లోపల మసి నిండి మూసుకుపోతుంది. వత్తు ఏదో, గుడి ఏదో తెలియదు.

మూడు. అక్షరాన్ని చెక్కలోంచి పూర్తిగా కోసి తీస్తే సున్న ఏమవుతుంది? లోపలి గుండ్రం ముక్క రాలిపోతుంది. నిలయం చివర సున్న పెద్ద చిల్లు అవుతుంది. రాలకుండా లోపలి ముక్కకూ బయటి చెక్కకూ మధ్య సన్నని వంతెన వదలాలి.

నాలుగు. రంపం కోసేటప్పుడు కొంత చెక్కను తింటుంది. అది పొట్టుగా రాలుతుంది. లేజర్ కూడా తింటుంది. మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడు పదుల వంతుల దాకా పోతుంది. పెట్టెకు కీలు కూర్చేటప్పుడు దీన్ని లెక్క వేయకపోతే కూర్పు వదులవుతుంది. ఈ సంగతి చెప్పగానే మామ నవ్వాడు. "ఇది మాకు ఎప్పటి నుంచో తెలిసిందే" అన్నాడు.

మసి పట్టకుండా పలక మీద కాగితం టేపు అంటించారు. కాగితం మీద నుంచే వెలుగు చెక్కింది. అయిపోయాక టేపు ఊడదీశారు. పలక శుభ్రంగా వచ్చింది. మామ సన్న గరుకు కాగితంతో ఒక్కసారి రుద్ది నూనె పట్టించాడు.

కన్ను, ఊపిరి, నిప్పు, కరెంటు

ఈ యంత్రం మంచిదే. అజాగ్రత్తగా ఉంటే మాత్రం ప్రమాదం.

కన్ను: ఈ వెలుగు కనపడదు. కనపడని వెలుగు కన్ను పైపొరను కాల్చగలదు. మూత తెరిచి పని చేయకూడదు. మూత తెరిస్తే యంత్రం ఆగిపోయే మీట ఉంటుంది. దాన్ని పని చేయకుండా కట్టేయకూడదు. ఇప్పుడు మూత లేని చిన్న యంత్రాలు కూడా అమ్ముతున్నారు. చాలా వాటి వెలుగు నీలంగా ఉంటుంది. నీలి వెలుగు కంటి లోపలికి పోయి చూపును దెబ్బ తీస్తుంది. దానికి తగిన ప్రత్యేక అద్దాలు పెట్టుకోవాలి. మామూలు చలువ అద్దాలు కాపాడవు.

ఊపిరి: కట్టెల పొయ్యి పొగ ఊపిరికి ఎంత చెడ్డదో ఆడవాళ్ళకు తెలుసు. లేజర్ పొగ కూడా అట్లాంటిదే. పొగను లాగే ఫ్యాను, బయటికి పంపే గొట్టం తప్పకుండా ఉండాలి. గొట్టం పక్కింటి కిటికీ వైపు పెట్టకూడదు. పి.వి.సి. షీటు, రెక్సిన్ మీద ఎప్పుడూ లేజర్ వాడకూడదు. అవి కాలితే ఆమ్లం పొగ వస్తుంది. అది ఊపిరితిత్తులను కాలుస్తుంది, యంత్రం ఇనుమునూ తినేస్తుంది. రంగు వేసిన పాత తలుపు ముక్కలు, చెదల మందు పట్టించిన చెక్క కూడా వద్దు.

నిప్పు: చెక్కను కాల్చే యంత్రం పక్కన మనిషి ఉండాలి. టీ తాగి వస్తానని పోకూడదు. కోత దగ్గర గాలి ఊదే పంపు పనిచేస్తుందో లేదో చూడాలి. అడుగున పడిన ముక్కలు, పొట్టు రోజూ తీసేయాలి. మంట లేస్తే ముందు కరెంటు ఆపాలి. తర్వాత కార్బన్ డై ఆక్సైడ్ సిలిండరుతో ఆర్పాలి. కరెంటు యంత్రం మీద నీళ్ళు పోయకూడదు.

కరెంటు: గొట్టంలోకి వేల వోల్టులు పోతాయి. ఎర్తు తీగ సరిగా లేకుండా యంత్రం నడపకూడదు. గొట్టం చుట్టూ చల్లని నీళ్ళు తిరుగుతూ ఉండాలి. నీళ్ళు ఆగినా, వేడెక్కినా గొట్టం పాడవుతుంది. కొత్తగూడెం వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అట్లాంటి రోజుల్లో నీళ్ళను చల్లబరిచే పెట్టె కావాలి. పొద్దున్నే పని ముగించుకోవడం మేలు. మధ్యలో కరెంటు పోతే పలక కదపకూడదు. కదిపితే గీతలు తప్పుతాయి.

అత్త లెక్క

12 పలకలూ అయినాయి. అడిగిన గడువుకు ముందే అయినాయి. మరి ఎంత తీసుకోవాలి? "పలకకు 200 అడుగుదాం" అన్నాడు మామ. అత్త పుస్తకం తీసింది.

అక్షరాలు చెక్కిన మేర 200 మిల్లీమీటర్ల పొడవు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. మిల్లీమీటరుకు 10 గీతలు. 50 మిల్లీమీటర్లకు 500 గీతలు. సెకనుకు 200 మిల్లీమీటర్ల వేగం. అంటే ఒక్కో గీతకు ఒక సెకను. 500 సెకన్లు అంటే 8 నిమిషాల 20 సెకన్లు. చివర తిరగడానికి, పలక మార్చడానికి కలిపి పది నిమిషాలు అనుకుందాం. 12 పలకలకు 120 నిమిషాలు. అంటే రెండు గంటలు. పరీక్షలకు ఇంకో అరగంట పట్టింది.

యంత్రం అద్దె గంటకు 300 రూపాయలు అనుకుందాం. రెండున్నర గంటలకు 750. ఒక్కో పలక చెక్కకు 60 చొప్పున 12 పలకలకు 720. పాడైన రెండు పలకలకు 120. టేపు, నూనె, గరుకు కాగితం 120. ఇద్దరి ఒక రోజు కూలి 1000. మొత్తం 2710 రూపాయలు. దాన్ని 12 పెట్టి భాగిస్తే పలకకు దాదాపు 226.

200కు అమ్మితే 2400 వస్తాయి. 310 రూపాయలు నష్టం. పలకకు 270 తీసుకుంటే 3240 వస్తాయి. ఖర్చు పోను 530 రూపాయలు మిగులుతాయి.

"మళ్ళీ ఇట్లాంటి టేకు పలకలే వస్తే?" అడిగింది మేనకోడలు.

అత్త పుస్తకం తిప్పి చూపింది. అంకెలు రాసి ఉన్నాయి. అరగంట పరీక్ష అక్కర్లేదు. రెండు పలకలు పాడుచేసుకోనక్కర్లేదు. 150, 120 కలిపి 270 రూపాయలు మిగులుతాయి. నోటుపుస్తకంలో ఒక్క పేజీ విలువ అది.

చేతి పని పోతుందా?

ఈ ప్రశ్న వడ్రంగులందరికీ వస్తుంది. జవాబు తేలిక కాదు. పేరు పలకల లాంటి పని కొంత యంత్రానికి పోతుంది. అది నిజం. కానీ యంత్రం చేయలేనివి చాలా ఉన్నాయి.

కొండపల్లి బొమ్మను చూడండి. తెల్ల పొణికి చెక్కను ముక్కలుగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఏటికొప్పాక బొమ్మను చూడండి. అంకుడు చెక్కను తిప్పుతూ చెక్కి, లక్క రంగులు పట్టిస్తారు. ఆ గుండ్రం, ఆ ఒంపు లేజర్‌కు రావు. లేజర్ పై నుంచి కిందికి మాత్రమే కాలుస్తుంది. పక్క నుంచి చెక్కలేదు. ద్వారబంధం మీద ఉలితో తీసిన పువ్వు రేకు లోతు దానికి చేతకాదు.

చెక్కను ఎంచుకోవడం, ఆరబెట్టడం, చిత్రిక పట్టడం, ముడి ఎక్కడుందో చూడటం, చివర మెరుగు పెట్టడం చేతి పనులే. యంత్రం గీతలు గీస్తుంది. ఆ గీతలు ఏ చెక్క మీద ఎట్లా నిలుస్తాయో వడ్రంగికే తెలుసు. వడ్రంగి యంత్రం నేర్చుకుంటే బేరం ఆయన చేతిలో ఉంటుంది. నేర్చుకోకపోతే బేరం యంత్రం ఉన్నవాళ్ళ చేతిలోకి పోతుంది.

ఇట్లాంటి యంత్రాలు పెద్ద చదువులు చదివినవాళ్ళకేనా? కాదు. మహారాష్ట్రలో పాబళ్ అనే ఊరు ఉంది. అక్కడ 1983లో విజ్ఞాన ఆశ్రమం మొదలైంది. బడి మానేసిన పిల్లలకు చేతి పనుల ద్వారా చదువు చెప్పింది. 2002లో అక్కడ ఫ్యాబ్ ల్యాబ్ అనే పనిశాల పెట్టారు. అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థ బయట పెట్టిన మొదటి ఫ్యాబ్ ల్యాబ్ అది. లేజర్ కోత యంత్రం ఇట్లాంటి పనిశాలల్లో ముఖ్యమైన సాధనం. మన రాష్ట్రంలో హైదరాబాద్ రాయదుర్గంలో టి-వర్క్స్ అనే పెద్ద పనిశాలను 2023 మార్చి 2న ప్రారంభించారు. అక్కడ లేజర్ కోత యంత్రాలు, కలప పని విభాగం ఉన్నాయి.

మామ ఇప్పుడు యంత్రాన్ని చూసి భయపడటం లేదు. చెక్క ముక్కను చేతిలోకి తీసుకోగానే ముందు తుక్కు కోసం వెతుకుతాడు. తర్వాత అత్తను పిలుస్తాడు.

"పుస్తకం తేవే. అంకె రాయాలె."

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మంచి పలక మీద కాకుండా తుక్కు ముక్క మీద ముందు ఎందుకు పరీక్ష చేయాలి?

2. శక్తి రెండింతలు చేసి వేగం సగం చేస్తే చెక్క మీద ఎంత వేడి పడుతుంది?

3. అత్తకు దొరికిన తప్పు మిగతావాళ్ళకు ఎందుకు దొరకలేదు?

4. మీ ఇంటి పేరు పలక మీద ఏమేం రాయిస్తారు? కాగితం మీద రాయండి. ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదివి చూడండి.

5. మీరు చేసే పనిలో రాసుకుంటే మిగిలే డబ్బు ఏదైనా ఉందా? ఈ రోజే ఒక పేజీ మొదలుపెట్టండి.